జేమీటర్‌లో 500 థ్రెడ్లంటే 500 మంది కొనుగోలుదార్లేనా?

ప్రశ్న:
బట్టల షాపింగ్ సైట్ ఎంత రద్దీ తట్టుకుంటుందో చూడటానికి జేమీటర్ అనే టూల్‌లో 500 థ్రెడ్లతో (ఒక్కో థ్రెడ్ ఒక నకిలీ యూజర్) లోడ్ టెస్ట్ నడుపుతున్నాం. అందరూ హోమ్, సెర్చ్, ప్రోడక్ట్, కార్ట్, చెకౌట్ వరసలోనే వెళ్తున్నారు. సెకనుకు దాదాపు 1000 రిక్వెస్టులు పడి డేటాబేస్ చేతులెత్తేస్తోంది. నిజమైన రద్దీ ఇలా ఉండదు కదా?

జవాబు 1:
థింక్ టైమ్, అంటే రెండు క్లిక్‌ల మధ్య యూజర్ ఆగే సమయం, పెట్టినట్టు లేరు. రెస్పాన్స్ అరసెకనైతే 500 ÷ 0.5 = 1000, మీకు వచ్చిన అంకె అదే. పేజీ చూసే సమయం సగటున 9.5 సెకన్లు కలపండి, ఒక్కో రిక్వెస్టుకు 10 సెకన్లై అదే 500 మంది నుంచి సెకనుకు 50 వస్తాయి. జేమీటర్‌లో విరామాలు పెట్టే యూనిఫామ్ రాండమ్ టైమర్‌లో స్థిర ఆలస్యం 4000, రాండమ్ గరిష్ఠం 11000 మిల్లీసెకన్లు ఇస్తే సగటు (4000 + 11000లో సగం = 9500) సరిపోతుంది. అందరికీ ఒకే స్థిర విరామం మాత్రం వద్దు, గుంపుగా కదులుతారు.

జవాబు 2:
అందరూ కొనరండీ. ఒక అడుగు ఎంత శాతం సార్లు నడవాలో చెప్పే త్రూపుట్ కంట్రోలర్‌లో చెకౌట్‌ని శాతంగా పెట్టండి. ఆ శాతం మీ యాక్సెస్ లాగ్ (సర్వర్‌కి వచ్చిన రిక్వెస్టుల రికార్డు) నుంచే తీయాలి, ఊహించకూడదు. ప్రోడక్ట్ ఐడీలు సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన జాబితా) నుంచి రావాలి. ఒకే ఐడీ అయితే కాష్ (ముందే దాచిన జవాబుల నిల్వ) నుంచే జవాబు వస్తుంది, డేటాబేస్ వరకు వెళ్లదు. అలాగని అన్నీ సమానంగా కూడా వద్దు: బాగా అమ్ముడయ్యేవి ఫైల్లో ఎక్కువసార్లు రాయండి, డేటాబేస్‌లో ఒకే స్టాక్ వరుసను చాలామంది ఒకేసారి మార్చబోయి ఆగిపోయే లాక్ గొడవ అప్పుడే బయటపడుతుంది.

జవాబు 3:
జేమీటర్ కుకీ మేనేజర్‌లో ప్రతి ఇటరేషన్‌కీ (ఒక్కో పూర్తి చుట్టుకీ) కుకీలు చెరిపే టిక్ చూసుకోండి. లేకపోతే పాత కార్టే ఉబ్బుతూ పోతుంది. సెషన్ పోయి లాగిన్ పేజీ వచ్చినా కోడ్ 200 (అంతా సరే అనే సంకేతం) ఉండొచ్చు, కాబట్టి జవాబులో "ఆర్డర్ నంబర్" లాంటి పాఠం ఉందో లేదో చూసే రెస్పాన్స్ అసర్షన్ తప్పనిసరి. పేమెంట్ గేట్‌వే బదులు స్టబ్ (నకిలీ సర్వీసు) పెట్టండి, అందులోనూ ఒకటి రెండు సెకన్ల ఆలస్యం ఉండాలి.