చేప పిల్లలు వదిలినప్పటి నుంచి పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, ఏ మందు వేయాలి?

హొసకోటె తోట
పొద్దున్నుంచీ గట్టు మీదే ఉన్నాను, ఏం చేయాలో పాలుపోవడం లేదు. బెంగళూరు పక్కన హొసకోటెలో ఉన్న మా తోటకి కైకలూరు వైపు నుంచి బొచ్చె, శీలావతి పిల్లలు తెప్పించాను. ఆక్సిజన్ పట్టిన కవర్లు, అట్టపెట్టెలు, అన్నీ పద్ధతిగానే వచ్చాయి. దించినప్పుడు బాగా చురుగ్గా ఉన్నాయి. కొలనులో వదిలిన గంటకే పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలు. ఇప్పుడు గట్టు వెంబడి చచ్చి తేలుతున్నాయి. అమ్మినతనికి ఫోన్ చేస్తే "మా దగ్గర బాగానే ఉన్నాయి సార్" అని పెట్టేశాడు. ఆక్సిజన్ బిళ్లలు వేశాను, పర్మాంగనేట్ వేశాను. తెలిసినవాళ్లు మందు పేరు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కొల్లేటి గట్టు
కొలను ఎంత? నీళ్లెక్కడివి? పిల్ల సైజెంత?

చెరువుల నేస్తం
మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పిల్లల్లో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కలిసిందేమో చూడండి. కేంద్రం 2000లోనే దాన్ని నిషేధించింది, అయినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. వానకి గట్టు పొర్లితే అవి వాగులో పడతాయి, అక్కడి నుంచి చెరువులోకి పోతాయి. అది దొరికిందల్లా తినే చేప. మన కొరమీను, మార్పు (మన నాటు క్యాట్‌ఫిష్) చేపల పిల్లలకి ఇక బతుకుండదు. సొంత కొలనే కదా అని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

హొసకోటె తోట
బొచ్చె, శీలావతేనండీ, నేను చూశాను. కొలను మామూలు కొలనే. ఫింగర్లింగ్స్ 2000.

కొల్లేటి గట్టు
మామూలు అంటే? మట్టిదా, ప్లాస్టిక్ షీటు పరిచిందా, సిమెంటుదా?

మారతహళ్లి రమ్య
కవర్లలో అంతసేపు ఉంటే ఊపిరాడదు కదా. దారిలో ఒకచోట ఆపి, కవర్లు విప్పి కొత్త నీళ్లు మార్చి ఉండాల్సింది.

కొల్లేటి గట్టు
రమ్యగారూ, అలా అస్సలు చేయకూడదు. కవర్‌లో మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్ పెట్టి బిగిస్తారు. దారంతా పిల్లలు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ తగ్గుతుంది. విసర్జన వల్ల అమ్మోనియా పేరుకున్నా, పీహెచ్ తక్కువున్నంతసేపు అది పెద్దగా హాని చేయదు. కవర్ విప్పగానే ఆ గ్యాస్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. అందుకే ముందురోజు మేత ఆపి హాపాలో (నీళ్లలో కట్టే వల తొట్టిలో) ఉంచి, కడుపు ఖాళీ అయ్యాకే ప్యాక్ చేస్తారు. చల్లటి వేళ పంపాలి, ఒకసారి కట్టిన కవర్ కొలను దగ్గరే విప్పాలి.

హొసకోటె తోట
సిమెంటుదన్నా. 40 అడుగుల పొడవు, 30 వెడల్పు, 5 లోతు. కట్టి నెల కూడా కాలేదు. మొన్న బోరు నీళ్లు పట్టాం, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. పిల్ల అంగుళంన్నర ఉంటుంది.

ఆనేకల్ బాబాయ్
అంగుళంన్నర అంటే ఫ్రై, అంటే ఇంకా చిన్న పిల్ల. ఫింగర్లింగ్ కాదు. మోసపోయారు.

మారతహళ్లి రమ్య
మా నాన్నగారు అంగుళంన్నర పిల్లనీ ఫింగర్లింగ్ అనే కొనేవారు. అందులో మోసమేముంది?

ఆనేకల్ బాబాయ్
వేలెడుంటేనే ఫింగర్లింగ్ అమ్మా. ఇంత చిన్నవి ఎక్కువ చస్తాయి, పక్షులకీ దొరికిపోతాయి.

కొల్లేటి గట్టు
బిల్లులో ఎన్ని మిల్లీమీటర్లో రాయించుకుంటే ఈ గొడవే ఉండదు. కానీ ఇప్పుడు చస్తున్నది సైజు వల్ల కాదు.

తమ్ముడూ, కొత్త సిమెంటులోంచి సున్నం నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. పీహెచ్ 10 దాటినా ఆశ్చర్యం లేదు. పీహెచ్ తగ్గిన కవర్ నీళ్లలోంచి నేరుగా అందులో పడితే పిల్ల మొప్పలు తట్టుకోలేవు. పైగా లోతు బోరు నీళ్లలో ఆక్సిజన్ పెద్దగా ఉండదు. నీళ్లంత తేటగా ఉన్నాయంటే సన్న నాచు పెరిగి పచ్చదనం పట్టలేదు, పగలు ఆక్సిజన్ ఇచ్చేదీ లేదు, పిల్ల తినేదీ లేదు. ఇక 1200 చదరపు అడుగుల్లో 2000 పిల్లలా? చదరపు మీటరుకి ఒకటి లెక్కన నూటికి కొంచెం పైన చాలు.

అక్వేరియం షాపులో పీహెచ్ స్ట్రిప్ దొరుకుతుంది, వెంటనే చూడండి. ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపు ఉండాలి. మందులన్నీ ఆపేయండి. పర్మాంగనేట్ ఆక్సిజన్ ఇవ్వదు, ఎక్కువైతే మొప్పల్ని కాలుస్తుంది. మేత వేయొద్దు. మోటారు పెట్టి ఆ నీళ్లనే పైనుంచి జల్లులా పడేలా తిప్పండి. చుట్టుపక్కల ఎవరికైనా పాత కృషి హొండ (పొలంలో తవ్విన నీటి కుంట) ఉంటే బతికున్నవాటిని అందులోకి మార్చండి. కాస్త కాస్తగా ఆ నీళ్లు బకెట్‌లో కలుపుతూ అలవాటు చేసి, అప్పుడు వదలాలి. కవర్లు దించినప్పుడూ ఇలాగే కాసేపు కొలనులో తేలనిచ్చి చేయాలి.

హొసకోటె తోట
కోలారు వైపు చెరువు నుంచి ట్యాంకర్ నీళ్లు తెచ్చి పోస్తే సరిపోదా?

చెరువుల నేస్తం
ఏ చెరువో చూసుకోండి. కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగు నీళ్లని శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులకి పంపుతున్నారు. మూడో దశ శుద్ధి కూడా చేయాలని అక్కడి రైతులు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. పొలాలు ఎండిపోతుంటే నీళ్లు రావడం గొప్పే, కాదనను. కానీ ఆ నీళ్లలో నైట్రోజన్, ఫాస్ఫరస్ ఎక్కువ, నాచు విపరీతంగా పెరుగుతుంది. దాని మీద ఇంకా రాయాల్సింది చాలా ఉంది...

ఆనేకల్ బాబాయ్
అది వేరే పోస్టులో రాయండి, ఇక్కడ పిల్లలు చస్తున్నాయి.

అసలు పిల్లల్ని కైకలూరు అంత దూరం నుంచి తేవడమెందుకు? బెంగళూరు పక్క హెసరఘట్టలోనే కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ముందు అక్కడ అడగాలి.

హొసకోటె తోట
స్ట్రిప్ ముదురు నీలంలోకి తిరిగింది, పది పైనే. పక్క తోట వాళ్ల షీటు హొండలోకి మారుస్తున్నాం, సగం దాకా దక్కేలా ఉన్నాయి. థాంక్స్ అన్నా.

కొల్లేటి గట్టు
సిమెంటు కొలను నింపి, కొన్నాళ్లుంచి, ఖాళీ చేయాలి. పీహెచ్ దిగేదాకా మళ్లీ మళ్లీ చేయండి. ఆ తర్వాత పచ్చిపేడ కొద్దిగా వేసి నీళ్లు పచ్చబడ్డాకే పిల్ల.

మారతహళ్లి రమ్య
మాదీ సిమెంటు తొట్టే, నాలుగేళ్ల పాతది. అందులో కొరమీను వేయొచ్చా?