సమస్యాపూరణం: “చదువకుండఁ బంపు సజ్జనుండు”

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముడిలా కనిపించే ఈ పాదానికి పొందికైన అర్థం వచ్చేలా ముందున్న మూడు పాదాలూ మీరు రాయాలి:

*చదువకుండఁ బంపు సజ్జనుండు*

పార్టీల తరఫున అబద్ధాలు మోసుకొచ్చే గొలుసు ఉత్తరాలు ఒకప్పుడు ఈమెయిల్లో వచ్చేవి, ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్నాయి. 2018 జులైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారినదాన్ని ఒకసారికి ఒక్క చోటికే పరిమితం చేసింది. అలవాటు మాత్రం పోలేదు. పంపేది ఎవరో పరాయివారు కాదు. మన మేనమామ, మన పాత సహోద్యోగి, మనకు అక్షరాలు దిద్దించిన మాస్టారు. గొడవపడితే బంధం తెగుతుంది, ఊరుకుంటే అబద్ధం ఊరేగుతుంది. ఇక్కడ పద్యానికి పని ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆటవెలదిని ఎంచుకున్నది కూడా అందుకే: వేమన పుణ్యమా అని అది ప్రతి తెలుగువాడి చెవికీ అలవాటైన నడక.

పార్టీ పేరు, నాయకుడి పేరు వద్దు. వ్యంగ్యం అబద్ధానికి తగలాలి. పంపినవారి కులానికో, వయసుకో, చదువుకో కాదు. పద్యంలో ఒక నిజం కూడా ఉంటే, అది చేరిన చోట పనికొస్తుంది.

గోస్తని:

మూసినట్టి జాబు ముత్యాల వలె మోసి
యింటి యింటికిచ్చు హితుఁ డొకండు
పరుల గుట్టు విప్పఁ బాపమే యనుచును
చదువకుండఁ బంపు సజ్జనుండు

మంజీర:
గోస్తని గారూ, ముడి విప్పిన తీరు ముచ్చటగా ఉంది. చదవకపోవడమే ధర్మమైన మనిషిని వెతికి పట్టుకున్నారు. ‘ఇ–హి’ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, సరిపోయింది. అయితే తపాలా మనిషి ఉత్తరం అందజేస్తాడు, పంపేవాడు వేరొకడు. రెండో పాదంలో ‘ఇచ్చు’ అన్నాక మళ్లీ ‘పంపు’ అంటే ఆ పని ఎవరిదో తెలియడం లేదు.

నిర్వాహకుడు:
నాదీ అదే మాట. సమస్యగా తీసుకుంటే ఇది చక్కని పూరణ. మన విషయానికి మాత్రం దూరంగా నిలబడింది.

నాగావళి:
పద్యాలకు నేను కొత్త. దిద్దగలరు.

మేటి గీత మనుచు మెచ్చె యునెస్కోయె
మనదె యనిన కబురు మఱలి వచ్చె
కాదటన్న వార్త నెఱిఁగిన పిదపేల
చదువకుండఁ బంపు సజ్జనుండు?

మంజీర:
మూడో పాదంలో యతి తప్పింది. ‘కా’కు ‘నె’ పొసగదు. ‘కాదటన్న మాట కనుఁగొన్న పిదపేల’ అంటే గణాలు చెడకుండానే యతి కుదురుతుంది. మిగిలిన పాదాలన్నీ శుద్ధం. కొత్తవారన్న మాట పద్యం చూస్తే నమ్మబుద్ధి కాదు.

నిర్వాహకుడు:
మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా మేటిదని యునెస్కో ప్రకటించిందన్న ఈ కబురు 2008 ప్రాంతంలో ఈమెయిళ్లలో తిరగడం నాకు బాగా గుర్తు. ఆ సంస్థ అలాంటి ప్రకటన ఏదీ చేయలేదు. అయినా ఇప్పటికీ పంద్రాగస్టు వస్తే చాలు, లేచి కూర్చుంటుంది. ఇది ఏ పార్టీ కబురూ కాదు. కానీ మంచి మాటే కదా, నిజమో కాదో చూడటం ఎందుకన్న అలవాటు ఇలాంటి వాటితోనే మొదలవుతుంది. పార్టీల వాళ్లు తర్వాత ఆ అలవాటు మీదే పంట పండించుకుంటారు. నాగావళి గారు ఎవరినీ నొప్పించకుండా మొదటి మెట్టునే పట్టుకున్నారు.

మున్నేరు:

లండనందు సభను లార్డు మెకాలె తా
నన్న దనెడు జాబు నమ్మి, తేది
కలకతాన నున్న కాలమ్ముఁ జూడక
చదువకుండఁ బంపు సజ్జనుండు

నిర్వాహకుడు:
మున్నేరు గారూ, ఈ వారం ఇలాంటి పద్యం కోసమే ఎదురుచూశాను. తెలియనివారి కోసం కాస్త వివరిస్తాను. భారతదేశం నలుమూలలా తిరిగాననీ, ఒక్క బిచ్చగాడూ ఒక్క దొంగా కనిపించలేదనీ, ఈ దేశపు వెన్నెముక విరవాలంటే దాని పాత చదువును మార్చాలనీ మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో అన్నాడంటూ ఒక జాబు ఏళ్ల తరబడి తిరుగుతోంది. కింద 1835 ఫిబ్రవరి 2 అని తేదీ ఉంటుంది. ఆ తేదీ నిజమైనదే. గవర్నర్ జనరల్ కౌన్సిల్ సభ్యుడిగా విద్య మీద మెకాలే రాసిన నివేదికకు ఉన్న తేదీ అది. 1834 జూన్‌లో మద్రాసులో దిగిన మనిషి ఆ ఫిబ్రవరిలో కలకత్తాలో ఉన్నాడు. లండన్ సభలో ఆ రోజు ఎలా మాట్లాడతాడు? పైగా ఆయన ‘లార్డు’ అయింది 1857లో. ఆ అసలు నివేదికలో మన సాహిత్యం గురించి ఆయన రాసిన మాటలు చదివితే కోపం రావడానికి అవే చాలు. ఉన్న తప్పు కళ్లముందే ఉండగా లేని మాటను కల్పించడం నాకు మహా అన్యాయంగా తోస్తుంది.

పద్యంలో ‘లార్డు’ అన్న మాట ఆ జాబులోదే కాబట్టి ఉంచవచ్చు.

మంజీర:
విషయం బాగుంది, పూరణలో లోపం ఉంది. చూడకుండా పంపినవాడిని సజ్జనుడన్నారు. పొగిడినట్టే తిట్టే వ్యాజస్తుతి అనుకోవాలంటే ఆ సూచన ఎక్కడా లేదు, సమస్య ముడి విడలేదు. రెండో పాదం చివరి ‘తేది’ తీసి ‘యెట్లు’ అనండి:

నన్న దనెడు జాబు నమ్మి, యెట్లు
కలకతాన నున్న కాలమ్ముఁ జూడక
చదువకుండఁ బంపు సజ్జనుండు?

గణం చెడదు, యతి చెడదు, ప్రశ్న పుడుతుంది. సజ్జనుడు అలా పంపడన్న అర్థం దానంతట అదే వస్తుంది.

మున్నేరు:
తేదీ పద్యంలోంచి పోతోందని మనసు పీకుతోంది, కానీ మీరన్నదే న్యాయం. మార్చుకున్నాను.

నిర్వాహకుడు:
తుంగభద్ర గారి పూరణను తొలగించాను. ఛందస్సులో వంక పెట్టడానికి లేదు. కానీ 2వ పాదంలో ఒక నాయకుడి ఇంటిపేరు, 3వ పాదంలో ఆయన అభిమానుల కులం ఉన్నాయి.

తుంగభద్ర:
నా అభ్యంతరం నమోదు చేస్తున్నాను. అడిదం సూరకవి విజయనగర ప్రభువునే ఏకవచనంలో పద్యానికెక్కించాడని ప్రతీతి. పేరు చెప్పడానికి భయపడితే అది వ్యంగ్యం ఎలా అవుతుంది?

నిర్వాహకుడు:
సూరకవి ఆ పద్యం చెప్పింది ప్రభువు ఎదుట నిలబడి. పేరూ ఊరూ లేకుండా ఊళ్లోకి వదల్లేదు. మీ పద్యం రేపు కర్త పేరు లేకుండా పది బృందాలు తిరిగితే, మనం ఏ గొలుసు జాబును ఎదిరిస్తున్నామో దానికి ఇంకో కడియం చేర్చినట్టే. ఎదుటి పక్షం వారు పద్యంలో కులం చూసిన మరుక్షణం అబద్ధం సంగతి మరిచిపోయి మీ మీద పడతారు. మీ ధార మీద నాకు గౌరవం ఉంది. అదే చేత్తో మరొకటి రాయండి.

తుంగభద్ర:

చిప్పు దాఁగె ననుచుఁ జెప్పిన నోటులో
కాగితమ్ము గాక కానరాదు
చెత్త సుద్దులన్ని చెత్తబుట్టకు వేగ
చదువకుండఁ బంపు సజ్జనుండు

నిర్వాహకుడు:
ఇది కదా! ‘పంపు’ అన్న క్రియ దిక్కు మార్చి పూరించారు. 2016 నవంబరులో 2,000 రూపాయల నోటు వచ్చినప్పుడు, అందులో ఉపగ్రహానికి అందే చిప్పు ఉందనీ, భూమిలో పాతిపెట్టిన నల్లధనాన్నీ అది పట్టిస్తుందనీ ఎంతమంది పంపారు! రిజర్వు బ్యాంకు అలాంటిదేమీ లేదన్నాకా అది ఆగలేదు. 2023 మేలో ఆ నోటునే చలామణి నుంచి ఉపసంహరించుకున్నారు. చిప్పు కబురు పంపినవారిలో ఒక్కరైనా వెనక్కి తీసుకున్నట్టు నేను చూడలేదు.

గోస్తని:
ఒక సందేహం. చదవకుండానే అది చెత్త అని సజ్జనుడికి ఎలా తెలిసింది?

తుంగభద్ర:
మొదటి రెండు పాదాల అనుభవంతో. ఒకసారి మోసపోయిన చోటు నుంచి మళ్లీ వచ్చినదాన్ని విప్పి చూడనక్కర లేదు.

గోస్తని:
ఆ చోటు నుంచే రేపు నిజం కూడా రావచ్చు. చదవకుండా పంపడం ఎంత తప్పో చదవకుండా పారేయడమూ అంతే తప్పని నా అభిప్రాయం. నేను క్రమాలంకారంలో ప్రయత్నిస్తాను.

ఎట్లు పంచు వార్త నెఱుఁగని మూర్ఖుండు?
నిజముఁ దెలిసినంత నేమి చేయు?
కోపమునకు బదులు గొప్ప నవ్వెవఁ డిచ్చు?
చదువకుండఁ, బంపు, సజ్జనుండు

మంజీర:
మూడు ప్రశ్నలకూ వరుసగా మూడు జవాబులు సమస్యలోనే దొరికాయి. ఒక్క అక్షరం కూడా అదనం కాలేదు. మూడో పాదంలో ‘గొప్ప నవ్వు’ మాత్రం గణం కోసం వచ్చినట్టుంది. ‘కొంటె నవ్వు’ అంటే వ్యంగ్యం పలుకుతుంది, యతీ నిలుస్తుంది.

మున్నేరు:
కొంటెతనం సజ్జనుడికి పొసగుతుందా?

నిర్వాహకుడు:
పొసగాలి. మేనమామకు జవాబు చెప్పేవాడి చేతిలో ఆ కొంటెతనం లేకపోతే మిగిలేది కోపమే. నా వరకు ఈ వారం ఉత్తమ పూరణ ఇదే. ‘మూర్ఖుండు’ అన్న మాట ఒక్కటే నన్ను ఇంకా ఇబ్బంది పెడుతోంది. అది పంపినవారికి నేరుగా తగులుతుంది. ఎవరైనా దాన్ని మార్చగలిగితే చెప్పండి.

గోస్తని:
‘కొంటె’ తీసుకున్నాను. ‘నెఱుఁగని మూర్ఖుండు’ బదులు ‘నెఱుఁగని యమాయి’ అని ఒకటి, ‘నెఱుఁగని చుట్టమ్ము’ అని ఒకటి తోచాయి. మొదటిదానికి గణమూ నిలవలేదు, పలుకుబడీ కుదరలేదు. రెండోదే ఉంచుతున్నాను, చుట్టాన్ని చుట్టమనే పిలుద్దాం.