జియోక్యాష్‌లో లాగ్ తడిసింది, రెండు డీఎన్ఎఫ్‌లు, ఎవరో ఫిల్మ్ డబ్బా పెట్టి వెళ్లారు. ఇప్పుడేం చేయాలి?

ప్లేనో_పిచ్చుక

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ప్లేనోలో వాగు వెంట ఉన్న నడకదారిలో నాదో జియోక్యాష్ ఉంది, అంటే జీపీఎస్ చూసుకుంటూ వచ్చినవాళ్లు వెతికి, లోపలి కాగితం (లాగ్) మీద సంతకం పెట్టి, సైటులో కూడా లాగ్ రాసే డబ్బా. స్మాల్ సైజు, ఐదుకి వెతకడం డిఫికల్టీ 1.5, దారి టెరైన్ 2. నాలుగు పక్కలా క్లిప్పులున్న 400 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ డబ్బా, సీడర్ చెట్టు పంగలో పెట్టాను.

మే నెలాఖరు నుంచి లాగులన్నిటిలో ఒకటే మాట, కాగితం తడిగా ఉందని. జూన్‌లో ఓనర్ అటెన్షన్ (ఓనర్‌గా నేను వచ్చి సరిచేయాలన్న లాగ్) పడింది. తర్వాత వరసగా 'దొరకలేదు' అనే రెండు డీఎన్ఎఫ్‌లు. మొన్న ఒకాయన "దొరకలేదు, అందుకని ఫిల్మ్ డబ్బాలో కొత్త లాగ్ పెట్టి వెళ్తున్నా" అని రాసి దొరికినట్టు ఫౌండ్ లాగ్ కొట్టుకున్నారు. నిన్న ఇంకెవరో రివ్యూయర్ అటెన్షన్ (సైటు తరఫున క్యాష్‌లని పరిశీలించే రివ్యూయర్‌కి ఫిర్యాదు) కూడా పెట్టారు.

ఆ ఫిల్మ్ డబ్బానే నా క్యాష్‌గా ఉంచేయొచ్చా? ఆయన ఫౌండ్ తీసేయాలా? డబ్బా కొత్తదే, మూత గట్టిగానే పడుతుంది, లోపల జిప్ కవరూ సిలికా జెల్ పొట్లమూ ఉన్నాయి. మరి నీళ్లెలా వస్తున్నాయి? పైగా వచ్చే నెల ఆరు వారాలు హైదరాబాద్ వెళ్తున్నా. అక్కడొకటి దాచి రావచ్చా?

తొర్రలో_చెయ్యి

ముందు లిస్టింగ్ (సైటులో మీ క్యాష్ పేజీ) సంగతి చూడండి, డబ్బా తర్వాత. ఇవాళే పేజీని టెంపరరీ డిసేబుల్ చేసి, ఏ తేదీలోపు వెళ్లి చూస్తారో అందులో రాయండి. "త్వరలో చూస్తాను" అని మాత్రం రాయకండి, రివ్యూయర్లు ఆ మాట రోజూ చదువుతుంటారు. సమస్య తెలిశాక సరిచేయడానికి మామూలుగా నాలుగు వారాల గడువు ఇస్తారు. ఆ లోపు కదలిక లేకపోతే ఆర్కైవ్ చేస్తారు. మెయింటెనెన్స్ లేక ఆర్కైవ్ అయిన పేజీని సాధారణంగా మళ్లీ తెరవరు. తెరవకపోయినా చెట్టు మీద మిగిలినదాన్ని తీసుకెళ్లాల్సింది మీరే, లేకపోతే అది చెత్తే.

వెళ్లి సరిచేశాక "ఓనర్ మెయింటెనెన్స్" అన్న లాగ్ వేయాలి. చాలామంది డబ్బా మార్చి, ఉత్త నోట్ రాసి వచ్చేస్తారు. దాంతో పేజీ మీద రిపేరు కావాలన్న రెంచి గుర్తు అలాగే ఉండిపోతుంది, మళ్లీ ఎవరో ఒకరు ఫిర్యాదు పెడతారు. ఆ గుర్తు పోయేది ఓనర్ మెయింటెనెన్స్ లాగ్‌తోనే.

డిఫికల్టీ 1.5 క్యాష్‌కి వరసగా రెండు డీఎన్ఎఫ్‌లంటే డబ్బా పోయిందనే అనుకోండి. అదే 4 అయితే ఐదొచ్చినా కంగారు పడక్కర్లేదు. అయినా కొత్త డబ్బా పెట్టేముందు పంగ కింద నేల మీద, వాగు వైపు పది మీటర్ల దాకా వెతకండి. ఉడతలు కొరికి కింద పడేయడం మామూలే. లోపల ట్రావెల్ బగ్ (నంబరుతో ఒక క్యాష్ నుంచి ఇంకోదానికి తిరిగే బిళ్ల) ఉండి డబ్బాతోపాటు పోయుంటే, ఇన్వెంటరీలో దాన్ని "మిస్సింగ్" అని మార్చండి. లేకపోతే దాని కోసం వచ్చిన ప్రతివాడూ ఉత్త చేతుల్తో వెళ్తాడు.

ఫిల్మ్ డబ్బాని ఉంచకండి. 100 మిల్లీలీటర్ల లోపుది మైక్రో. మీ పేజీలో స్మాల్ అని ఉంది కాబట్టి వచ్చేవాళ్లు అరచేతంత డబ్బా కోసం వెతుకుతారు. పైగా అసలు డబ్బా ఇంకా అక్కడే ఉంటే ఒకే చెట్టుకి రెండవుతాయి, సగంమంది ఇందులో, సగంమంది అందులో సంతకం పెడతారు. వేరే డబ్బాలో సంతకం పెట్టి కొట్టుకున్న ఫౌండ్ కాబట్టి దాన్ని తొలగించే హక్కు మీకుంది. నేనైతే ముందు ఆయనకి ఒక మెసేజ్ రాసి, డీఎన్ఎఫ్‌గా మార్చుకోమని అడిగి, మూడు రోజులాగి తీసేస్తాను.

చోటు మారుద్దామనుకుంటే ఒక మాట. పేజీలో మీ అంతట మీరు కోఆర్డినేట్లు మార్చుకోగలిగేది 161 మీటర్ల లోపే. అంతకు మించితే రివ్యూయర్‌కి రాయాలి. కొత్త చోటు పక్కవాళ్ల డబ్బాలకి కూడా 161 మీటర్ల దూరంలో ఉండాలని మర్చిపోకండి.

మూత_మాస్టారు

మూత గట్టిగా ఉన్నా నీళ్లెలా వస్తాయన్నారు కదా. డబ్బానే నీళ్లు పీల్చుకుంటోందండీ.

టెక్సాస్ ఎండలో, నీడ లేని పంగలో డబ్బా లోపలి గాలి 50 డిగ్రీల దాకా వేడెక్కిందనుకుందాం. వేడెక్కిన గాలి ఉబ్బి, కొంత మూత సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం ఉరుముల వాన పడి డబ్బా గబగబా 25కి చల్లబడితే లోపలి గాలి దాదాపు 8 శాతం కుంచించుకుపోతుంది. 400 మిల్లీలీటర్ల డబ్బాలో అది 30 మిల్లీలీటర్లు, రెండు టేబుల్ స్పూన్లకి సమానం. ఆ వెలితి దేనితోనో ఒకదానితో నిండాలి కదా. మూత అంచు చుట్టూ వాననీళ్లు నిలిచి ఉంటే గాలికి బదులు నీళ్లే లోపలికి పోతాయి. మూత గాడిలో ఉండే పట్టీ (గాస్కెట్) పూర్తిగా బాగుంటే ఆ ఒత్తిడిని ఆపుతుంది. వెంట్రుక సందు ఉన్నా ఆపదు.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. డబ్బాలో పొడి టిష్యూ పరిచి, మూత పెట్టి, అరగంట ఎండలో ఉంచండి. వెంటనే చన్నీళ్ల బకెట్‌లో ముంచి, తేలకుండా పైన రాయి పెట్టి పావుగంట వదిలేయండి. బయట బాగా తుడిచాకే తెరవాలి. టిష్యూ ఏ మూల తడిసిందో ఆ మూలే దోషం. మామూలు చన్నీళ్లలో ముంచి చూసే పరీక్షలో పాసైన డబ్బాలు ఇందులో ఫెయిలవుతాయి. కొత్తదానికి కూడా ఇది చేశాకే చెట్టెక్కించండి.

నూటికి తొంభై సార్లు తప్పు గాస్కెట్‌ది కాదు. జిప్ కవర్ మూల మూతలో ఇరుక్కుంటుంది. లేదంటే బొమ్మలూ గోళీలూ కుక్కేయడంతో మూత మధ్యలో ఉబ్బి, క్లిప్పులు పడ్డట్టే ఉన్నా అంచు లేస్తుంది. గాడిలో ఇసుక రేణువు చేరినా అంతే. గాస్కెట్‌ని టూత్‌పిక్‌తో బయటికి లాగి కడిగి, మెలిక పడకుండా మళ్లీ కూర్చోబెట్టండి. సామాను సగానికి మించనివ్వకండి.

డబ్బాని వెల్లకిలా కాకుండా పక్కకి నిలబెట్టండి. మూత గోడలా నిలువుగా ఉంటే అంచులో నీళ్లు ఆగవు. వీలైతే మాను ఉత్తరం వైపుకి మార్చండి, ఎండ తగ్గితే పీల్చడమూ తగ్గుతుంది. క్లిప్పుల ప్లాస్టిక్ ఎండకి పెళుసుబారి, తెరిచేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. అందుకే బయటంతా రంగు గానీ చెట్టులో కలిసిపోయే క్యామో టేపు గానీ వేస్తారు. మూత కూర్చునే అంచుకి మాత్రం రంగు తగలనివ్వకండి.

సిలికా జెల్ పొట్లం మూత తీసిన ప్రతిసారీ కొత్త తేమ తాగుతుంది. కొన్ని వారాలకి నిండిపోతుంది, ఆ తర్వాత అది టీ బ్యాగుతో సమానం. జిప్ కవర్‌కి పెన్సిల్ మొన గుచ్చుకుని చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి వచ్చిన నీరు మళ్లీ బయటికి పోదు, కాగితం ఊరగాయలా నానుతుంది. పెన్సిల్ ఏమో కవర్‌కి బయట ఉండాలి, కాగితం ఒక్కటే లోపల. కాగితం రైట్ ఇన్ ది రెయిన్ లాంటి నీటిని తట్టుకునేది తీసుకోండి. దాని మీద పెన్సిలూ బాల్ పెన్నూ పడతాయి, జెల్ పెన్ను చెరిగిపోతుంది. మామూలు కాగితమే వాడితే లాగ్ షీటుని ఇంక్‌జెట్‌లో తీయకండి, తడి తగిలితే గీతలన్నీ కారతాయి. లేజర్ ప్రింట్ కారదు.

పెన్సిల్_ముక్క

తొర్రలో_చెయ్యి గారూ, ఫౌండ్ తీసేయడం దగ్గర మీతో ఏకీభవించను. అసలు డబ్బా పోయినట్టు తేలితే, ఓనర్ నెలన్నర పట్టించుకోనందుకు వెతికినాయనకి శిక్ష వేసినట్టవుతుంది. ఒకసారి ఉంచేసి, ఇకపై ఇలా చేయొద్దని మర్యాదగా రాస్తే చాలు. ఫిల్మ్ డబ్బా తీసేయాలన్నది మాత్రం నూరుపాళ్లు నిజం. దాని మూత నొక్కి పెట్టేదే, మొదటి వర్షానికే తడుస్తుంది. మైక్రోనే కావాలనుకుంటే సోడా సీసా ఊదకముందు ఉండే పెట్ ప్రీఫామ్ గొట్టం మేలు. మర మూత కాబట్టి నీరు దిగదు. కొక్కెం కోసం మూతకి కన్నం పెట్టారో, ఆ కన్నంలోంచే దిగుతుంది. మెడకి తీగ చుట్టి వేలాడదీయండి. అప్పుడు పేజీలో సైజు మార్చడం మరవకండి.

వెతికేవాళ్లకీ నాలుగు ముక్కలు. కాగితం నిండినా నానినా ఓ కొత్త చీటీ లోపల పెట్టడం సాయమే, ఎవరూ తప్పు పట్టరు. పాత కాగితం మాత్రం పట్టుకుపోకండి, ఫొటో తీసి ఓనర్‌కి పంపండి. డబ్బా మార్చడం అడిగి చేయాల్సిన పని. ఓనర్ సరేనంటే మీరే పెట్టండి, ఫౌండ్ కూడా న్యాయంగా మీదే.

"టీఎఫ్‌టీసీ" (థ్యాంక్స్ ఫర్ ది క్యాష్) అని నాలుగక్షరాలు కొట్టి వెళ్లేకన్నా "కాగితం చెమ్మగా ఉంది, డబ్బాలో నీళ్లు లేవు, ఎడమ క్లిప్పు విరిగింది" అని రాస్తే ఓనర్ ఏం పట్టుకెళ్లాలో తెలుస్తుంది. చెమ్మ వేరు, నిలిచిన నీళ్లు వేరు. దొరకనప్పుడు సిగ్గుపడకుండా డీఎన్ఎఫ్ వేయండి. వేయకపోతే పోయిన డబ్బా కోసం ఇంకో పదిమంది తిరుగుతారు.

షాపింగ్ సెంటర్ దీపస్తంభాల కింద రేకు లేపి పెట్టేవాటికి టెక్సాస్‌లో ఒక జాగ్రత్త. ముందు కర్రతో లేపండి, నిప్పుచీమలూ కందిరీగలూ అక్కడే కాపురం పెడతాయి. స్తంభానికి స్క్రూలతో బిగించిన మూతల జోలికి మాత్రం పోవద్దు, వాటి వెనక కరెంటు తీగలుంటాయి.

ప్లేనో_పిచ్చుక

బకెట్ పరీక్ష చేశాను. అదే రకం రెండో డబ్బా ఒకటి ఇంట్లో ఉంటే దాన్నే ముంచాను. టిష్యూ ఒక మూల తడిసింది, చూస్తే ఆ మూల గాస్కెట్ మెలిక పడి ఉంది. పేజీ డిసేబుల్ చేసి శనివారం తేదీ రాశాను. హైదరాబాద్ సంగతి ఎవరైనా చెప్తారా?

గోల్కొండ_గుండు

అన్నా, హైదరాబాద్ల డబ్బా పెట్టే ముచ్చట వద్దనే చెప్త. ఆరు వారాలు ఉండి పోయేటోళ్ల క్యాష్‌ని వెకేషన్ క్యాష్ అంటరు. తర్వాత ఎవరు చూస్తరని రివ్యూయర్ అడుగుతడు. దగ్గర్ల ఉండే ఒక ఆటగాడు ఒప్పుకొని, ఆయన యూజర్ నేమ్ నువ్వు రాసిస్తేనే ముంగటికి పోతది. మేనబావ చూస్తడు అంటే నడవది, ఆయనకి లిస్టింగే తెల్వదు.

రెండోది ఇంకా పెద్దది. 2007ల లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013ల దిల్‌సుఖ్‌నగర్ చూసిన ఊరు ఇది. చెట్టు సందుల టేపు చుట్టిన డబ్బా కనబడితే జనం పోలీసులకి ఫోన్ చేస్తరు, చెయ్యాలె కూడా. బస్టాండు, మెట్రో స్టేషన్, గుడి, మసీదు, పార్కు గేటు దగ్గర అస్సలు వద్దు. ఇంక ఎక్కడ పెట్టినా లోపల కనబడే డబ్బా తీసుకో, పైన ఇది ఆట డబ్బా అని తెలుగుల, ఉర్దూల, ఇంగ్లీషుల రాయి. జాగా ఓనర్ అనుమతి చేతిల ఉండాలె. గోల్కొండ కోట పురావస్తు శాఖది, కేబీఆర్ పార్కు అటవీ శాఖది, అడగకుండా ఏదీ దాచొద్దు.

ఊరికి ఏదైనా ఇయ్యాలనిపిస్తే ఎర్త్‌క్యాష్ చెయ్యి, అంటే ఆడి రాళ్లు, నేల చూసి నీ ప్రశ్నలకి జవాబు చెప్పే క్యాష్. డబ్బా ఉండదు, తడిసేది లేదు, 161 మీటర్ల లెక్క కూడా దానికి లేదు. హైదరాబాద్ బండలు దాదాపు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైట్. ఖాజాగూడ గుట్ట మీద చూడు, గుండు మీది పొరలు ఉల్లిపాయ పొట్టు లెక్క లేస్తయి. రాయిల ముందుగాల పగుళ్లుంటయి, నీళ్లు ఆ పగుళ్లల్ల దిగుతయి. మూలకి రెండు మూడు దిక్కులకెళ్లి నీళ్లు తగులుతయి కాబట్టి మూలలే ముందు కరిగి పోతయి, నడుమ గుండ్రంగ మిగులుతది. పొర మందం ఎన్ని వేళ్లున్నదో కొలువుమను, పగులు ఏ దిక్కుకి పోయిందో చెప్పుమను. ఆడికి పోకుండ ఇంటర్నెట్‌ల జవాబు దొరికే ప్రశ్న అయితే రివ్యూయర్ వాపసు పంపుతడు. జవాబులు నీకు మెసేజ్‌ల వస్తయి, ప్లేనోల కూసొని చూసుకోవచ్చు. గుట్ట ఎవరి కిందున్నదో చూసుకొని, అవసరమైతే దీనికి కూడా అడగాలె.

ఇంకొకటి, బ్యాగుల ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే జీపీఎస్ పరికరం ఉంటే ప్లేనోలనే పెట్టి రా. లైసెన్స్ లేకుండ అసుంటివి ఇండియాకి తేవొద్దు, ఎయిర్‌పోర్టుల పట్టుకుంటరు. ఫోన్ చాలు.

తొర్రలో_చెయ్యి

పిచ్చుక గారూ, ఆరు వారాల ప్రయాణానికి ముందు ప్లేనోలో ఒక లోకల్ క్యాషర్‌ని అడిగి, "ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా ఈయన చూస్తారు" అని పేజీలో ఒక నోట్ వేయండి. ఆయనకి చీటీల కట్టా, గాస్కెట్ సరిగ్గా కూర్చున్న రెండో డబ్బా ఇచ్చి వెళ్లండి. పెన్సిల్_ముక్క గారి మాట విన్నాక ఆ ఫౌండ్ సంగతి మీ ఇష్టానికే వదిలేస్తున్నా, కానీ శనివారం ఆ ఫిల్మ్ డబ్బా మాత్రం జేబులో వేసుకునే రండి.