కొరియా అమ్మాయిల గోల్ఫ్‌కు దారి వేసింది పాక్ సేరీనా, కూ ఓక్‌హీనా?

బర్డీబాబు:
ఎవరిని అడిగినా పాక్ సేరీ పేరే చెబుతారు. ఆమె 1998లో యూఎస్ మహిళల ఓపెన్ గెలిచింది. దానికి పదేళ్ల ముందే, 1988 మార్చిలో, అమెరికాలోని అరిజోనాలో కూ ఓక్‌హీ ఎల్‌పీజీఏ, అంటే అమెరికా మహిళల ప్రొఫెషనల్ టూర్, టోర్నీ కొట్టింది. కొరియా నుంచి మొదటి విజయం అదే. 1994, 95ల్లో కో వూసూన్ కూడా గెలిచింది. అంటే సేరీది మూడో పేరు. ఆద్యురాలు అనే మాట ఆమెకెలా వచ్చిందండీ?

రఫ్‌లో బంతి:
వరుస నంబరు చూసి ఆద్యురాలు అనరు బాబుగారూ, వెనక ఎంతమంది నడిచారో చూసి అంటారు. 1998 అంటే కొరియా ఐఎంఎఫ్ అప్పుతో నడుస్తున్న ఏడాది. ఉద్యోగాలు పోయాయి, జనం ఒంటిమీది బంగారం తీసి దేశానికి ఇచ్చారు. ఆ జులైలో బ్లాక్‌వుల్ఫ్ రన్ అనే కోర్సులో ఆ ఓపెన్‌లో, జెన్నీ చువాసిరిపోర్న్ అనే అమెచ్యూర్ (ప్రొఫెషనల్ కాని) అమ్మాయితో 72 హోల్స్ తర్వాత సేరీ స్కోరు సమానం. మర్నాడు మళ్లీ 18 హోల్స్. చివరి హోల్‌లో సేరీ టీ షాట్ (మొదటి దెబ్బ) ఎడమకు పోయి చెరువు గట్టు వాలులో గడ్డిలో ఇరుక్కుంది. ఒక స్ట్రోక్ పెనాల్టీ తీసుకుని బంతిని వేరే చోట పెట్టుకోవచ్చు. తీసుకోలేదు. బూట్లు, మేజోళ్లు విప్పి నీళ్లలో దిగింది. పిక్కలేమో ఎండకు నల్లబడ్డాయి, పాదాలేమో తెల్లగా ఉన్నాయి. కొరియాలో అప్పటికి ఇంకా తెల్లవారలేదు, అయినా జనం టీవీల ముందే ఉన్నారు. బంతి బయటపడింది, బోగీతో (నిర్ణీత దెబ్బల కన్నా ఒకటి ఎక్కువతో) సరిపెట్టుకుంది, అవతలి అమ్మాయీ బోగీయే చేసింది. మళ్లీ సమానం, ఇక ముందు ఎవరు హోల్ గెలిస్తే వాళ్లదే విజయం అనే సడెన్ డెత్. అందులో రెండో హోల్‌కి సేరీ బర్డీ (ఒక దెబ్బ తక్కువ) చేసి గెలిచింది. మొత్తం 92 హోల్స్! ఆ పాదాలు చూశాక ఇంకెవరు గుర్తుంటారు?

బర్డీబాబు:
అదే నా బాధ. టీవీలో కనిపించిందే చరిత్ర అయిపోయింది. ఓక్‌హీ ఆటగాళ్ల క్లబ్బులు మోసే కేడీగా పనిచేస్తూ ఆట నేర్చుకుంది. 1978లో కొరియా మహిళలకు ప్రొఫెషనల్ అయ్యే మొదటి పరీక్ష, ప్రో టెస్ట్, పెడితే పాసైన నలుగురిలో ఆమె ఒకరు. నలుగురు! అంత కొద్దిమందితో ఏం టూర్ నడుస్తుంది? జపాన్ వెళ్లి 23 టోర్నీలు గెలిచింది. సేరీ అమెరికా వెళ్లేనాటికి వెనక శాంసంగ్ డబ్బుంది, ఇంటి దగ్గర మహిళల టూర్ ఉంది. ఆ టూర్ ఆకాశం నుంచి ఊడిపడిందా?

అర్ధరాత్రి ప్రేక్షకుడు:
మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. శాంసంగ్ డబ్బు ఇచ్చింది సరే, 25 ఎల్‌పీజీఏ టైటిళ్లు, వాటిలో ఐదు మేజర్లు (అతిపెద్ద టోర్నీలు) డబ్బుతో రావు కదా. పైగా 1988లో కొరియా అంతా సియోల్ ఒలింపిక్స్ హడావుడిలో ఉంది. అప్పట్లో గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ల ఆట. ఓక్‌హీ గెలుపు పెద్దగా ఎవరికీ పట్టలేదంటే తప్పు సేరీది కాదు.

బర్డీబాబు:
సేరీది తప్పని నేనెప్పుడు అన్నాను? రాసేవాళ్లది అంటున్నా.

రఫ్‌లో బంతి:
మరి తర్వాతి తరం కొరియా గోల్ఫర్ పాక్ ఇన్‌బీ సంగతి? 1998 ఓపెన్ చూసే గోల్ఫ్ పట్టింది. అప్పటికి ఇంకా పదేళ్లు నిండలేదు. 2008లో అదే ఓపెన్ గెలిచింది. 2016 రియోలో సేరీ కోచ్‌గా ఉండగా ఒలింపిక్ గోల్డ్ కొట్టింది. ఓక్‌హీని చూసి క్లబ్ పట్టినవాళ్లలో ఇలాంటి పేరు ఒక్కటి చెప్పండి.

బర్డీబాబు:
చెప్పలేను. ఓక్‌హీ గెలుపును చూసినవాళ్లే లేనప్పుడు ఆమెను చూసి నేర్చుకున్నవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? ఇన్‌బీ పుట్టిందే 1988లో, ఓక్‌హీ గెలిచిన ఏడాది. పిల్లల్ని మైదానానికి రప్పించింది సేరీయే, కాదనను. ఆద్యురాలు మాత్రం ఓక్‌హీ. ఈ రెండూ ఒకరికే కట్టబెట్టాలని మీరెందుకు పట్టుబడుతున్నారో నాకు అర్థం కావట్లేదు.