సమాధి బొమ్మ ఎడమ పక్క ఒకలా, కుడి పక్క ఒకలా ఎందుకుంది?

బల్లార్షా_కుర్రాడు:
చంద్రపూర్‌లో పాత పేపర్ల దుకాణంలో దొరికింది. పెద్ద సమాధి బొమ్మ, అంతా సన్న నల్లగీతలే. మధ్యలో రాతిపెట్టె, దాని మీద కాగడాని తలకిందులుగా పట్టుకున్న రెక్కల పిల్లాడు, కింద ఇసుక గడియారంతో అస్థిపంజరం. కానీ ఎడమ పక్క మెలికల స్తంభం ఉంటే కుడి పక్క స్తంభమే లేదు, ఏడుస్తున్న ఆడమనిషి విగ్రహం ఉంది. గీసినవాళ్ల పొరపాటా? ఫ్రేము కట్టే ఆయన ఖాళీ అంచు కోసేసి లామినేషన్ చేద్దామంటున్నాడు, అమ్మేమో సమాధి బొమ్మ గోడకెందుకురా అంటోంది. రేపు పొద్దునే ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

రాగిరేకు:
ముందు ఆ కోతా లామినేషనూ ఆపించు తమ్ముడూ! అంచు మీద వేలితో మెల్లగా రాసి చూడు, బొమ్మ చుట్టూ చిన్న పల్లం తగిలితే అది రాగిరేకు నొక్కిన గుర్తు. రేకుకి మైనం పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీసినచోటే తింటుంది, ఆ గాడిలో ఇంకు నింపి తడి కాగితం మీద అచ్చు వేస్తారు. అంచు కోస్తే ఆ గుర్తు పోతుంది. ఇక రెండు పక్కలూ వేరుగా ఉండటం పొరపాటు కాదు. ఇది డిజైను, కట్టించుకునేవాళ్లు ఏది నచ్చితే అది ఎంచుకోవాలని ఒకే కాగితం మీద రెండు రకాలు చూపించేవాళ్లు. పారిస్‌లో జాన్ లపోత్ర్ (1618–1682) ఇలాంటివి వందల్లో వేశాడు. కాబట్టి అచ్చం ఇలాగే ఉన్న సమాధి ఎక్కడా ఉండకపోవచ్చు.

మిల్లు_బాబాయ్:
నేను కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాను బాబూ. వెలుతురుకి ఎత్తి చూడు. దగ్గర దగ్గరగా సన్న గీతలు, వాటికి అడ్డంగా వేలెడు దూరానికొకటి గీత కనిపిస్తే అవి కాగితం చేసే జాలీ తీగల గుర్తులు. 1750ల దాకా యూరప్ కాగితమంతా అలాగే ఉండేది. తర్వాత కూడా చేశారు కాబట్టి దీనొక్కదాన్ని చూసి వయసు చెప్పలేం.

సిరొంచ_అక్క:
ఆ అస్థిపంజరం భయపెట్టడానికి కాదు, టైమైపోయిందని చెప్పడానికి. రోమ్‌లో 1678లో పూర్తయిన పోప్ ఏడో అలెగ్జాండర్ సమాధిలో శిల్పి బెర్నినీ కూడా ఇసుక గడియారం పట్టుకున్న అస్థిపంజరాన్నే పెట్టాడు, ఎర్రరాతి దుప్పటి కిందనుంచి లేస్తుంది. అమ్మకి మన చంద్రపూర్ అంచలేశ్వర్ గేటు దగ్గరున్న బీర్షా సమాధి గుర్తుచెయ్యి. భర్త కోసం రాణి హీరాయి కట్టించింది, దాన్ని చూసి ఎవరం ముఖం తిప్పుకోం కదా.

బల్లార్షా_కుర్రాడు:
పల్లం తగిలింది అన్నా! బాబాయ్, గీతలూ కనిపించాయి. అంచు కోయకుండా ఫ్రేము కట్టమని చెప్పొచ్చాను. అమ్మ వరండాలో అయితే సరే అంది. కింద ఒక పేరు పక్కన ‘ఇన్వెనిట్’, ఇంకో పేరు పక్కన ‘ఫెకిట్’ అని ఉంది, ఏంటది?

రాగిరేకు:
లాటిన్ మాటలవి. మొదటాయన ఊహించాడు, రెండో ఆయన రేకు మీద చేశాడు. రెండు పేర్లూ ఫ్రేములో కనబడేలా కట్టించు.