అప్‌డేట్: కాలిఫోర్నియాలో మా కారు కంపెనీ వెనక్కి తీసేసుకుంది

ఫ్రీవే మీద ఉన్నట్టుండి పవర్ పోతున్న మా కొత్త కారు గురించి ఇక్కడ అడిగాను కదా, ఎట్టకేలకు బైబ్యాక్ (కంపెనీ డబ్బు తిరిగిచ్చి కారు వెనక్కి తీసుకోవడం) అయిపోయింది, సలహాలిచ్చిన అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. పిల్లలు వెనక సీట్లో ఉండగా అలా ఆగిపోతే ప్రాణం ఎంత గిలగిలలాడుతుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఇక్కడ సాంగ్-బెవర్లీ చట్టం ఉంది, వారంటీలో ఉన్న కారు బాగుచెయ్యలేకపోతే కంపెనీ వెనక్కి తీసుకోవాలో మార్చివ్వాలో చెప్పేది అదే, కొన్న 18 నెలలు లేదా 18,000 మైళ్ళలోపు, ప్రాణాపాయం ఉన్న లోపమైతే 2 సార్లు, మామూలు లోపమైతే 4 సార్లు రిపేరుకి ఇచ్చినా బాగవ్వకపోతే, లేదా మొత్తం 30 రోజులకి మించి రిపేరు షాపులోనే ఉంటే, కేసు మనవైపు బలంగా ఉంటుంది. డీలర్ ప్రతిసారీ "ప్రాబ్లం కనపడలేదు" అని రాసిచ్చేవాడు, అయినా ఆ రిపేర్ ఆర్డర్ కాగితాలే మమ్మల్ని కాపాడాయి, దయచేసి ఒక్కటి కూడా పారేయకండి. లాయర్‌కి మేమేం ఇవ్వలేదు, గెలిస్తే ఆ ఫీజు కంపెనీయే కట్టాలి.

డౌన్ పేమెంట్, కట్టిన ఈఎంఐలు, ట్యాక్స్, రిజిస్ట్రేషన్ అన్నీ వచ్చాయి, మిగిలిన లోన్ వాళ్ళే తీర్చేశారు. వాడుకున్నందుకు మాత్రం కొంత కోస్తారు, కారు ధరని మొదటిసారి రిపేరుకి ఇచ్చినప్పటి మైళ్ళతో గుణించి 1,20,000తో భాగిస్తారు, అంటే 40,000 డాలర్ల కారు 6,000 మైళ్ళ దగ్గర ఇస్తే 2,000 పోతుంది, అందుకే తేడా కనపడగానే తీసుకెళ్ళండి.

సెకండ్‌హ్యాండ్ కారు గురించి అడిగినవాళ్ళకి, కంపెనీ పాత వారంటీ ఇంకా మిగిలుంది కదా అని దాన్ని కొత్త కారు కింద లెక్కేయరని 2024లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది, అంటే ఈ బైబ్యాక్ దానికి వర్తించకపోవచ్చు, కొనేముందు లాయర్‌ని అడగండి.