పదేళ్లలోపు పిల్లల క్యూబ్ పోటీకి టైమర్ పెట్టాలా, వద్దా?

ఒంగోలు అమ్మ:
దసరా సెలవుల్లో మా కాలనీ కళ్యాణ మండపంలో పిల్లలకి రూబిక్స్ క్యూబ్ చాలెంజ్ పెట్టారు. ఐదు నిమిషాల టైము, పెద్ద స్క్రీన్ మీద సెకండ్లు. క్యూబులు వాళ్లే ఇచ్చారు. మా పాపకి ఎనిమిదేళ్లు, ఇంట్లో రెండు నిమిషాల్లో చేసేస్తుంది. అక్కడ అంతా అయిపోయి ఒక్క మూల దగ్గర ఆగిపోయింది. ఆ మూల సరిచేస్తే కింద వరసలు చెదిరిపోయాయి. మళ్లీ మొదటి నుంచీ పెట్టుకొచ్చింది, మళ్లీ చివర్లో మూలలు కుదరలేదు. ఇంతలో బెల్లు కొట్టారు. మైకులో "అయ్యో, కొంచెంలో పోయింది" అన్నారు. అందరూ నవ్వారు, పాపం వెటకారంగా ఏమీ కాదు. కానీ ఆ రోజు నుంచీ అది క్యూబ్ ముట్టుకోవడం లేదు. "నాకు రాదమ్మా" అంటోంది. సంక్రాంతికి మళ్లీ పెడతారంట. ఇంత చిన్న పిల్లలకి ఈ గడియారం అవసరమా?

కావలి లెక్కల మాస్టారు:
అవసరం లేదమ్మా. ఈ క్యూబ్ కనిపెట్టిన రూబిక్ గారు బుడాపెస్ట్‌లో పాఠాలు చెప్పుకునే మనిషి. 1974లో దాన్ని చేశాక, తను కలిపిన రంగుల్ని మళ్లీ సర్దడానికి ఆయనకే నెల రోజుల దాకా పట్టింది. ఎవరూ బెల్లు కొట్టలేదు. ఇప్పుడు మన పిల్లలు చేసేది ఆలోచన కాదు, ఫార్ములా బట్టీ. ఏడో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని ఉదయం ఐదింటికి లేపుతున్నాం. ఆట బొమ్మనన్నా వదిలేద్దాం.

నెల్లూరు క్యూబర్ (మాగుంట లేఅవుట్):
మాస్టారూ, బట్టీ అంటే ఒప్పుకోను. వేగంగా చేసేవాళ్లు చివరి వరసకి రెండు దశల్లో 57, 21 కేసులు, అంటే రంగులు పడే తీరులూ వాటికి తిప్పే పద్ధతులూ గుర్తుపెట్టుకుంటారు, నిజమే. కానీ మొదటి రెండు వరసలు పూర్తిగా కళ్లతో వెతికి, ఆలోచించి చేసేవే. ఎక్కాలు రాకుండా మీరు లెక్క చెప్తారా?

ఇంకో మాట. టైమర్ ఒకటే కాదు, దాని చుట్టూ పద్ధతి ఉండాలి. వరల్డ్ క్యూబ్ అసోసియేషన్ పోటీల్లో ముందు 15 సెకండ్లు క్యూబ్ చూసుకోనిస్తారు. మామూలు త్రీ బై త్రీకి, అంటే మూడు వరసల క్యూబ్‌కి, ఐదు సార్లు చేయిస్తారు. అందులో బాగా వచ్చినదీ, బాగా చెడినదీ తీసేసి మధ్య మూడింటికి సగటు కడతారు. ఒకసారి చేయి వణికినా కొంప మునగదు. ఒక్క చాన్సిచ్చి, మైకు పట్టుకుని కూర్చుంటే అది పోటీ కాదు, తమాషా.

చీమకుర్తి తాత:
నాకు క్యూబ్ సంగతి తెలియదు. ఎడ్ల సంగతి తెలుసు. మా పక్క బండలాగుడు పోటీల్లో కూడా టైమే. ఇన్ని నిమిషాల్లో ఎంత దూరం లాగాయో కొలుస్తాం. అయితే పాలపళ్ల గిత్తల్ని ఎవడన్నా సీనియర్ జతల మధ్యకి తోలతాడా? పళ్లని బట్టే గిత్త వయసు లెక్క. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, దేని విభాగం దానిదే. గొడ్డుకి చూపించే ఇంగితం బిడ్డ దగ్గర చూపించలేరా? మీ మండపంలో ఎనిమిదేళ్ల పాప పక్కన ఎంతేళ్లవాడిని కూర్చోబెట్టారు?

ఒంగోలు అమ్మ:
తాతగారూ, పక్కన తొమ్మిదో తరగతి అబ్బాయి ఉన్నాడండీ. 30 సెకండ్లలో పెట్టేసి చేతులు పైకెత్తాడు.

నెల్లూరు క్యూబర్:
తాతగారూ, మీ మాట బాగుంది కానీ క్యూబ్ పోటీల్లో వయసు విభాగాలు ఉండవు. ఎనిమిదేళ్లవాళ్లూ ముప్పై ఏళ్లవాళ్లూ ఒకే లిస్టు. నాకు నచ్చేది అదే. పక్కవాడితో పనిలేదు, నిన్నటి నా టైముతోనే నా పోటీ. మ్యాక్స్ పార్క్ అనే అమెరికా కుర్రాడికి ఆటిజం ఉంది. చేతివేళ్లు సరిగా కదలడానికి పనికొస్తుందని వాళ్ల అమ్మానాన్నలు క్యూబ్ చేతికిచ్చారు. అతనే 2023లో 3.13 సెకండ్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. నలుగురిలో కలవడం కూడా ఆ పోటీల్లోనే నేర్చుకున్నాడని వాళ్ల ఇంట్లోవాళ్లే చెప్పారు. టైమర్ అంటే పిల్లల్ని తినేసే భూతం ఏమీ కాదు.

అమ్మా, ఒక్కటి అడగాలి. మొదటిసారి ఆ ఒక్క మూల తప్ప మిగతావన్నీ కరెక్టుగా ఉన్నాయా? ఆ మూల కూడా ఉండాల్సిన చోటే ఉండి, రంగులు మాత్రం పక్కకి తిరిగి ఉన్నాయా?

ఒంగోలు అమ్మ:
అవును బాబూ, నేను పక్కనే ఉన్నాను. పసుపు పైన ఉండాల్సింది పక్కకి ఉంది. మిగతావి మొత్తం సరిగ్గానే ఉన్నాయి.

నెల్లూరు క్యూబర్:
అయితే ఆ క్యూబ్‌ని ఎవరూ సాల్వ్ చేయలేరు. మ్యాక్స్ పార్క్ వచ్చినా చేయలేడు. మామూలుగా తిప్పుతూ పోతే ఒకే ఒక్క మూల తిరిగి మిగిలిపోవడం అసలు జరగదు. రెండోది కూడా ఎదురు వైపుకి తిరగాలి, లేదా మూడు కలిసి ఒకే వైపుకి తిరగాలి. ఒక్కటే తిరిగి ఉందంటే మధ్యలో ఎవరో ఆ ముక్కని పట్టి మెలితిప్పి అయినా ఉండాలి, ఊడితే తప్పుగా బిగించి అయినా ఉండాలి. ముక్కలన్నీ విప్పి ఎలాపడితే అలా బిగిస్తే పన్నెండు సార్లకి ఒక్కసారే సాల్వ్ అయ్యే క్యూబ్ వస్తుంది. మీ పాప చేసిన ప్రతి స్టెప్పూ కరెక్టే. ఆ మూల సరిచేస్తే కింద చెదిరిందన్నారే, తిరిగిన మూల ఉంటే అచ్చం అలాగే అవుతుంది.

కావలి లెక్కల మాస్టారు:
ఇది లెక్క ప్రకారం నిజం, నేను పూచీ. మూల ఒక వైపుకి తిరిగితే ఒకటి, ఎదురు వైపుకి తిరిగితే రెండు అని లెక్కేసి, ఎనిమిది మూలల తిరుగుళ్లూ కలిపితే మూడుకి భాగారం తప్పకుండా పోవాలి. ఒక్కటే తిరిగితే పోదు.

ఒంగోలు అమ్మ:
ఇప్పుడే నిర్వాహకుల్లో ఒకాయనకి ఫోన్ చేశాను. ముందు రోజు ప్రాక్టీసులో రెండు క్యూబులు కిందపడి ముక్కలు ఊడితే "ఎలాగూ కలిపేవే కదా" అని బిగించేశారంట. ఏమనాలో కూడా తెలియలేదు. ఆయన మాత్రం పాపం నాలుగుసార్లు సారీ చెప్పాడు.

కందుకూరు నాన్న:
మరి తేలిపోయింది కదండీ, తప్పు క్యూబ్‌ది. టైమర్‌ని తిట్టడం ఎందుకు? మావాడు టైమర్ లేకపోతే క్యూబ్ వంకే చూడడు. చచ్చినట్టు పెడుతున్నాను.

కావలి లెక్కల మాస్టారు:
తేలలేదు సార్. టైము లేకపోతే ఆ పాప తాపీగా క్యూబ్ తిప్పి చూసేది, "ఇదేంది ఇట్లా ఉంది" అని ఎవరినైనా అడిగేది. ఎదురుగా సెకండ్లు పరిగెడుతుంటే తప్పు తనదే అనుకుంది. టైమర్ చేసిన పని అది. మీవాడి సంగతి మీకు తెలుసు. కానీ టైమర్ తీసేస్తే చూడడంటున్నారంటే వాడికి ఇష్టం క్యూబా, టైమరా?

నెల్లూరు క్యూబర్:
ఈ పాయింటు మాత్రం ఒప్పుకుంటాను మాస్టారూ. అందుకే అసలు పోటీల్లో ఎవరి క్యూబ్ వాళ్లే తెచ్చుకుంటారు. అక్కడ కూడా ఆడేటప్పుడు మూల మెలి పడుతుంది. చివర్లో ఒక్క మూలే అలా మిగిలితే చేత్తో తిప్పి సరిచేసుకోవచ్చని రూలే ఉంది. సంక్రాంతికి పెట్టేవాళ్లు ఈ మూడూ చేస్తే చాలు: పిల్లల క్యూబులు పిల్లలవే, ఒక్కొక్కరికి కనీసం మూడు చాన్సులు, మైకు ఆఫ్. టైమర్ ఉండనివ్వండి. టేబుల్ మీద చిన్నది చాలు, పెద్ద స్క్రీన్ ఎందుకు?

చీమకుర్తి తాత:
నాలుగోది నేను చెప్తా. తొమ్మిదో తరగతోడిని వేరే బల్ల మీద కూర్చోబెట్టండి. లిస్టు మీరు ఒకటే రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఒంగోలు అమ్మ:
రెండు రోజులుగా రాయలేదు, ఏమనుకోకండి. ఆ క్యూబ్ తెప్పించాను. బాబు చెప్పినట్టు పాప చేతే ఆ మూల పట్టి మెలితిప్పించాను. టక్కుమని తిరిగింది. దాన్ని అది చాలాసేపు చూసింది. "అయితే నాకు వచ్చు" అంది, అంతే. తర్వాత అన్నం కూడా తినకుండా ఏడుసార్లు పెట్టింది. ఎనిమిదోసారికి నా ఫోన్ తెచ్చి "స్టాప్‌వాచ్ పెట్టమ్మా" అంది. చార్జింగ్ లేదని అబద్ధం చెప్పాను. మాస్టారూ, మీరే చెప్పండి, పెట్టాల్సిందా?

కావలి లెక్కల మాస్టారు:
తనే అడిగింది కాబట్టి... ఒక్కసారి పెట్టి చూడండమ్మా. స్క్రీన్ మాత్రం మీ వైపు తిప్పుకోండి.